నైరుతి మూల బరువు

వసుంధర వదిన తన ఇంటి హాల్లో నేల మీద నీలం టేపు అంటించి, ఆ గీతల మధ్య కాపురం పెట్టిన రోజున నేను కడుపుబ్బ నవ్వాను. నేనొక్కదాన్నే కాదు, లిఫ్టు కోసం నిలబడ్డ వాళ్ళందరూ ఇనుప గేటులోంచి తొంగిచూసి నవ్వుకుంటూ పోయారు. ఎదురింటి చైనా ఆంటీ అయితే గేటు పట్టుకుని నిలబడి, ఇల్లు మారుతున్నారా అని అడిగింది. అవును, చిన్నింట్లోకి మారుతున్నాం అంది వదిన, గీత దాటకుండానే.

ఈ పరాయి దేశంలో, యూ టీ అనే పేటలో మావి పక్కపక్క ఫ్లాట్లు. ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. వచ్చిన కొత్తలో వదినా అని పిలిచాను, అదే వరసైపోయింది. సొంతూరు తుని. ఇక్కడి క్లినిక్‌లో లాబ్ టెక్నీషియన్‌గా చేరి, వయసంతా రక్తం సీసాల మధ్యే గడిపి రిటైరయింది. ఆవిడ భర్త మహీధర్ అన్నయ్య జురాంగ్‌లో ఒక గోదాముకి సూపర్వైజరు. లారీల్లోకి సరుకు సర్దించడం ఆయన పని. పెట్టెకీ పెట్టెకీ మధ్య చీమ దూరే సందున్నా ఆయనకు ఆ రోజు అన్నం సహించేది కాదు.

ఆ లారీలు సముద్రం మీది కాజ్‌వే వంతెన దాటి మలేషియా మీదుగా థాయిలాండ్ దాకా పోయేవి. ఇపో, తైపింగ్, హాట్ యాయ్ అంటూ పెట్టెల మీద ఆ ఊళ్ళ పేర్లు తన చేత్తోనే రాసీ రాసీ, అవి ఆయనకు మేనత్తల పేర్లలా నోటికొచ్చేశాయి. కానీ ఒక్క ఊరూ కంటితో చూసింది లేదు. పెద్ద సెలవు దొరికితే తుని, చిన్న సెలవు దొరికితే నిద్ర. రిటైరయ్యాక ఆ లారీల దారి పట్టుకుని నిదానంగా పోవాలనీ, నచ్చిన ఊళ్ళో నెలేసి రోజులు ఉండిపోవాలనీ ఆయనకు కోరిక ఉండేది. మా ఇంట్లో టీ తాగిన ప్రతిసారీ ఆ మాట వచ్చేది.

తీరా రిటైరయ్యే వేళకు కళ్ళు మొరాయించాయి. నీటికాసులు. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తోంది. మందులు వేద్దాం, ఆపడానికి చూద్దాం అన్నాడు డాక్టరు. ఎంతకాలం నిలుస్తుందంటే మాత్రం నోరు విప్పలేదు. అన్నయ్య తన డ్రైవింగ్ లైసెన్సు తనే బీరువాలో పెట్టేశాడు. ఆ తర్వాత టీ తాగినా ఇపో మాట ఎత్తలేదు. ఎత్తింది వదిన.

"చూపుండగానే చూపించాలి తారా," అంది నాతో. "పోయాక పక్కన కూర్చుని వర్ణించి చెప్పడానికి నాకు కవిత్వం రాదు."

సెంగ్‌కాంగ్‌లో ఉండే కూతురు చాందిని వెంటనే అడ్డం పడింది. "అమ్మా, ఫ్లైట్ బుక్ చేస్తాను, హోటల్ బుక్ చేస్తాను. వన్ వీక్ ఇనఫ్ లా. వై సఫర్?" అంది. మాటకో 'లా' తగిలించే ఇక్కడి పలుకే గాని, ఆ పిల్ల మాటలో తప్పు లేదు. కానీ వదిన అప్పటికే చూసింది. కొత్త గదిలోకి వెళ్తే అన్నయ్య అడుగడుక్కీ దేన్నో ఒకదాన్ని గుద్దుకుంటున్నాడు. మంచం అంచు, బాత్రూం గడప, ఎవరో అడ్డంగా పెట్టిన కుర్చీ. రోజుకో హోటలంటే రోజుకో దెబ్బ. అదే ఇల్లే వెంట వస్తే? వస్తువులన్నీ ఎప్పుడూ ఉండే చోటే ఉంటే? అలా పుట్టింది కారవాన్ ఆలోచన. చక్రాల ఇల్లు, ముందు బండి కట్టి లాక్కుపోయేది.

వదినకు ఆలోచన పుట్టిందంటే ఇక వదలదు. మా యూ టీ కాలవ గట్టున ఉడుములు తిరుగుతుంటాయి, వాటి పట్టు ఈవిడ పట్టు ముందు ఏపాటి! రిటైరయ్యాక డ్రైవింగ్ నేర్చుకుంది. రెండుసార్లు ఫెయిలయింది. మొక్కై వంగనిది మానై వంగునా అని నేను ఎగతాళి చేస్తే, "వంగకపోతే విరుగుతాను, నీకేం?" అని మూడోసారి పాసయి వచ్చింది.

బండీ కారవానూ ఈరమ్మ దగ్గర దొరికాయి. కాజ్‌వే అవతల జొహోర్‌లో, కొటా టింగి వెళ్ళే దారిలో ఆవిడకు మొక్కల తోట ఉంది. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చిన కుటుంబం. ఊరు ఎప్పుడూ చూడలేదు గాని, భాష మాత్రం పోనివ్వలేదు. కరివేపాకు మొక్కల కోసం వెళ్ళి వదిన ఆవిడతో స్నేహం కలుపుకుంది. ఈరమ్మ వయసులో ఉన్నప్పటి నుంచి మొక్కల ట్రైలర్ వెనక కట్టుకుని ఊళ్ళు తిరిగిన మనిషి. ఆవిడ కొడుకు సరదాపడి కొని వదిలేసిన చిన్న కారవాన్ తోటలో ఒక మూల నాచు పట్టి ఉంది. ఏడాది వాడుకోండి, బండి కూడా పట్టుకుపోండి అంది.

తోటలో బండ్లు రెండున్నాయి. ఒకటి ఏనుగులాంటి పాత డీజిల్ ట్రక్కు. స్టార్ట్ చేస్తే చుట్టుపక్కల మొక్కలన్నీ నల్లబడతాయి. రెండోది మామూలు బండి. చిన్న కారవాన్‌ను లాగడానికి సరిగ్గా సరిపోతుంది, అంతకు మించి లాగదు. అన్నయ్య ట్రక్కు అన్నాడు. వదిన చిన్న బండి అంది.

"ఎద్దు ఎంత లాగగలదో చూసి బరువు కట్టాలి గాని, మన సామాను చూసుకుని ఏనుగును తెస్తామా? మనం చూడ్డానికి పోయే ఊళ్ళ మీద మనమే పొగ పోసి, మన చెత్తే పారేసి రావడం దేనికి? అలాగైతే ఇంట్లో కూర్చుని టీవీలో చూద్దాం," అంది.

ఇదిగో, ఆ తర్వాతదే టేపు కాపురం. కారవాన్ పొడుగూ వెడల్పూ కొలుచుకుని వచ్చి, హాల్లో అంత మేరకే గీత గీసి, నెల రోజులు ఆ గీతలోనే బతకాలని పంతం పట్టింది. పడక అందులోనే. స్టవ్ అందులోనే. బాత్రూంకి మాత్రం గీత దాటొచ్చు. నీళ్ళు పొద్దున పట్టిన బిందెల్లోవే. గిన్నెలు తోమడానికి సబ్బు లేదు, కుంకుడుకాయ రసం. "సబ్బు నీళ్ళు ఏ వాగు పక్కన పారబోస్తాం? ఇదైతే చెట్టు మొదట్లో పోసినా చెట్టుకి కోపం రాదు," అనేది. మా అంతస్తులో లిఫ్టు పక్కన చెత్త గొట్టం ఉంది. మూత తీసి పడేస్తే అది కిందెక్కడికి పోయిందో ఎవరికీ అక్కర్లేదు. వదిన దాని ముఖం చూడనని ఒట్టు పెట్టుకుంది. మొదటి వారం చెత్తంతా గీతలోపలే ఒక సంచీలో పోగుపడితే, దాన్ని దాటుకుంటూ తిరగలేక మొగుడూ పెళ్ళాలిద్దరూ దెబ్బలాడుకున్నారు. మూడో వారానికి ఆ సంచీ నా హ్యాండ్‌బ్యాగ్ అంతయింది. అప్పటికి నా నవ్వు కూడా కాస్త తగ్గింది.

డ్రైవింగ్ వదినది. మరి సర్దడం? అది తనదన్నాడు అన్నయ్య. "నడపడం నీది, సర్దడం నాది. మధ్యలో నువ్వు వేలు పెట్టకు," అని ముందే కట్టడి చేశాడు. ఇన్నేసి లారీలు సర్దించిన మనిషి, సొంత ఇల్లు సర్దుకోలేడా అని వదిన కూడా ఊరుకుంది.

ఆయన సర్దింది వాస్తు ప్రకారం. నేను నోరు మూసుకుని ఎలా ఉంటాను?

"ఊళ్ళు తిరిగే ఇంటికి దిక్కులేంటి అన్నయ్యా? సందు తిరిగితే తూర్పు పడమరైపోదూ?" అన్నాను.

"మనం పోయేది ఉత్తరానికే కదా తారా. జొహోర్ నుంచి హాట్ యాయ్ దాకా దారంతా ఉత్తరమే. బండి ముందు ఉత్తరమైతే వెనక దక్షిణం. వెనక కుడి మూల ఆగ్నేయం. పొయ్యి చూడు, సరిగ్గా అక్కడే ఉంది. వెనక ఎడమ మూల నైరుతి. నైరుతిలో బరువుండాలి. ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ బరువు అక్కడే ఉండాలి," అన్నాడు. ముఖంలో ఎక్కడా నవ్వు లేదు.

అలా ఆ వెనక ఎడమ మూల అలమరలోకి చిన్న చిన్న డబ్బాలు, దాని పక్కకి బియ్యం బస్తా ఎక్కాయి. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు ఎక్కాయి. ఆవకాయ జాడీ, మాగాయ జాడీ, గోంగూర జాడీ ఎక్కాయి. ఆఖరికి రుబ్బుడు మిషను, రాళ్ళతో సహా ఎక్కింది. నీళ్ళ డబ్బాలు దాని కిందే. తెలుగు ఇల్లాలు ఏడాది ప్రయాణానికి ఏమేం పట్టుకెళ్తుందో అవన్నీ ఒకే మూల కొండలా పేరుకున్నాయి. లారీ సర్దినంత బిగువుగా సర్దాడు మహానుభావుడు. ఒక్క డబ్బా కదలదు. మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.

మొదటి పరీక్ష ఒక శనివారం ఉదయం. వదిన స్టీరింగ్ దగ్గర, పక్కన ఈరమ్మ. వెనక నేనూ అన్నయ్యా. తోటలోంచి బయటికి వచ్చేదాకా ఏనుగు అంబారీలా హుందాగా ఉంది ప్రయాణం. మెయిన్ రోడ్డెక్కి కాస్త వేగం అందుకున్నాక, వెనక ఎవరో చెయ్యి పెట్టి బండిని అటూ ఇటూ లాగుతున్నట్టు అనిపించింది. చిన్న దిగుడొచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక ఆయిల్ ట్యాంకరు పక్కనుంచి దూసుకుపోయింది. దాని గాలికి కారవాన్ ఊగడం మొదలుపెట్టింది. ఒక ఊపుకంటే ఇంకో ఊపు పెద్దది. వెనకున్నది ముందున్న దాన్ని ఆడిస్తోంది. అద్దంలో కారవాన్ ఒకసారి ఎడమ వైపు కనిపిస్తుంది, ఒకసారి కుడివైపు. నేను ఏ దేవుణ్ణి పిలిచానో నాకే గుర్తు లేదు.

"బేకు తొక్కీకు!" అని అరిచింది ఈరమ్మ. "తొక్కేవంటే పల్టీ కొడతాది. కాలు తీసెయ్ యాక్సిలేటరు మీంచి. ఇస్టీరింగు సక్కగా ఒట్టుకో. అలాగే, అలాగే. పెలాన్ పెలాన్, తల్లీ."

పెలాన్ పెలాన్ అంటే మలయ్‌లో నిదానం అని. వదిన పళ్ళు బిగించి స్టీరింగ్ పట్టుకుంది. బండి నెమ్మదించిన కొద్దీ ఊపు తగ్గి తగ్గి ఆగింది. పక్కకు తీసి ఆపింది. అన్నయ్య కళ్ళద్దాలు ఎగిరి కాళ్ళ కింద పడ్డాయి. ఆయన వంగి తడుముకుంటున్నాడు. ఆ చేతికి అంగుళం దూరంలోనే ఉన్నాయవి. కనబడలేదు. నేను తీసిచ్చాను. ఆ క్షణాన వదిన అద్దంలోంచి మమ్మల్ని చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను.

ఈరమ్మ కిందికి దిగి, కారవాన్ ముందు కొక్కెం బండి నుంచి విప్పించి, ఒక్క చేత్తో పైకెత్తింది. ముసలావిడ ఒంటి చేత్తో కొక్కెం ఎత్తేసింది!

"సూసేవా? ముక్కు తేలిపోతంది. బరువంతా తోకలో ఎట్టీసినారు. కుక్క తోకలా ఊగకేటవుద్ది? బరువు సెక్రాల మీదుండాల, ముక్కు మీద కూసింతుండాల. తోక కాళీగా ఉండాల. ఎవులు సర్దినారమ్మా ఇది?"

అన్నయ్య కళ్ళద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "ఆ ట్రక్కు కడదాం. దాని బరువుకి ఇది ఊగదు. లేదా మానేద్దాం వసూ. నా కోసం ఇంతమంది ప్రాణాల మీదికి తేవడం ఎందుకు," అన్నాడు.

"ట్రక్కు కడితే ఊగడం మనకు తెలియదంతే, ఊగుతూనే ఉంటుంది," అంది వదిన. "మానడం మాత్రం ఇంకోసారి అనకండి."

ఈ సంగతి చాందినికి అన్నయ్యే చెప్పాడు. అబద్ధం ఆడలేని మనిషి. మర్నాడే ఆ పిల్ల సెంగ్‌కాంగ్ నుంచి వచ్చి హాల్లో టేపు గీత బయట నిలబడి ఏడ్చింది. "అమ్మా, ఇఫ్ సంథింగ్ హ్యాపెన్స్? నాన్న కళ్ళు ఇంకా పోతే అక్కడ హూ విల్ హెల్ప్? యు ఆల్ సో స్టబర్న్ లా!" అంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఇంకొక్క పరీక్ష. తను కూడా బండిలో కూర్చుంటుంది. తనకు భయం వేస్తే, కారవాన్ తోటలోనే ఉండిపోవాలి. మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. వదిన సరేనంది. ఆ సరే అనడానికి ఆవిడకు ఎంత గుండె కావాలో నాకు తెలుసు.

ఇక సర్దుడు మార్చాలి. అసలు గొడవ అక్కడ వచ్చింది. అన్నయ్య ససేమిరా అన్నాడు. బస్తా తీసెయ్, జాడీలు తీసెయ్, మిషను తీసెయ్, నాకేం పట్టదు, కానీ అలమర మాత్రం ముట్టుకోవద్దు అన్నాడు. అందులో ఒక్క డబ్బా కదిలినా తను రానన్నాడు. వాస్తు మీద ఇంత మూర్ఖత్వం ఏంటని నాకు ఒళ్ళు మండింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఇదే కాబోలనుకున్నాను.

ఆ మధ్యాహ్నం అన్నయ్య కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి కాఫీకి వెళ్ళినప్పుడు వదిన నన్ను పిలిచింది. టేపు గీతలో నైరుతి మూలన, నెల రోజులుగా పుస్తకాల అలమర ఒకటి ఉంది. కారవాన్ అలమర ఎలా సర్దాలో అన్నయ్య ముందు దీనిలోనే సర్ది చూసుకున్నాడు. రోజూ ఏది ముందు పెట్టాలి, ఏది వెనక పెట్టాలి అని మారుస్తూ ఉండేవాడు. వదిన దాని ఎదురుగా నిలబడి అన్ని అరలూ చాలాసేపు చూసింది.

"తారా, నాకిది అర్థం కావట్లేదు. కందిపప్పు పక్కన మినప్పప్పు లేదు. చక్కెర ఉన్న అరలో కంటి చుక్కల మందేంటి? టీ పొడి పక్కన పళ్ళ పొడేంటి? గోదాములో ఇలా సర్దితే కుర్రాళ్ళని చంపేసేవాడు ఆయన."

చూస్తే నిజమే. నాకూ తల తిరిగింది. వదిన తువ్వాలు తీసి కళ్ళకు గట్టిగా కట్టుకుంది. ఏం చేస్తున్నావు వదినా అంటే, ఉండు అంది. స్టవ్‌కీ అలమరకీ మధ్య నిలబడి చెయ్యి చాచింది.

పై అరలో చేతికి మొదట తగిలింది కంటి చుక్కల మందు. పొద్దున లేవగానే వేసుకునేది. దాని పక్కన పళ్ళ పొడి. ఆ పక్కన టీ పొడి, చక్కెర. టీ పొడి డబ్బాకు రబ్బరు బ్యాండు ఒకటి చుట్టి ఉంది, చక్కెర డబ్బాకు రెండు. కింది అరలో ఉప్మా రవ్వ, ఉప్పు, పోపు డబ్బా. దాని కింది అరలో మధ్యాహ్నానికి బియ్యం కొలత డబ్బా, పప్పు. ఆ కింద సాయంత్రం మాత్రలు. అట్టడుగున కర్ర, మడతపెట్టింది, కొత్తది, ఎప్పుడు కొన్నాడో మాకు తెలియదు. పై నుంచి కిందికి రోజంతా వరసగా ఉంది ఆ అలమరలో. ఒక్క అడుగు వెయ్యక్కర్లేదు. ఒక చేతికి పొయ్యి, ఇంకో చేతికి అలమర. వదిన కళ్ళకు గంతతోనే టీ పొడి తీసింది, చక్కెర తీసింది, గిన్నె తీసింది. ఒక్కటీ తప్పు పోలేదు. అప్పుడు తువ్వాలు తడిసి ఉండటం చూశాను.

గేటు చప్పుడైంది. అన్నయ్య కాఫీ సంచీతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"వాస్తు కాదన్నమాట," అంది వదిన, తువ్వాలు విప్పకుండానే.

"వాస్తు కూడా," అన్నాడు ఆయన. నాలుగు అడుగులు వేసి గీత దగ్గర ఆగాడు. "పూర్తిగా పోయాక ఏం చేస్తానా అని రోజూ ఆలోచిస్తాను వసూ. నువ్వు బండి నడపాలి, నీళ్ళు తేవాలి, వండాలి, మళ్ళీ నన్నూ చూసుకోవాలి. నా టీ నేను పెట్టుకుంటే, నీకో కప్పు ఇస్తే, అంతవరకైనా మనిషినే కదా అనిపించింది. చెప్తే నువ్వు ఏడుస్తావని చెప్పలేదు. ఏడిచావుగా మరి."

"నా ఏడుపు సంగతి తర్వాత," అంది వదిన ముక్కు తుడుచుకుని. "రండి లోపలికి. మీ అలమర ఇక్కడే ఉంటుంది, ఒక్క డబ్బా కదలదు. కానీ డబ్బాలో ఉండేది వారానికి సరిపడా మాత్రమే. మిగతాదంతా కింద, చక్రాల మీద, నా పెట్టెలో. అయిపోతే నేను నింపుతాను. బియ్యం బస్తా అసలు వద్దు. ఇపోలో జనం గడ్డి తిని బతుకుతున్నారా? వాళ్ళు తినే బియ్యమే మనమూ కొనుక్కుందాం."

"ఆవకాయ?"

"ఒక్క చిన్న సీసా."

"మాగాయ?"

"ఆ సీసాలోనే సగం."

అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది. రుబ్బుడు మిషను ఆ రోజే నాకు దత్తతకు వచ్చింది. జాడీలు కూడా నా వంటింట్లోకే చేరాయి. ఆ తర్వాత వాళ్ళిద్దరూ శనివారం శనివారం కాజ్‌వే దాటి వెళ్ళి, తీసెయ్యగలిగినదల్లా తీసేస్తూ వచ్చారు. కారవాన్‌లోని పాత పింగాణీ సింకు పోయింది. బరువైన పరుపు పోయింది. కుర్చీలు పోయాయి. ఈరమ్మ వారం వారం కొక్కెం ఎత్తి చూసేది. ఒకరోజు రెండు చేతులు పెట్టినా లేవలేదు. "ఇప్పుడు బోలే!" అంది. సరిపోయిందని అర్థం. బరువు తగ్గిన కొద్దీ ఆ చిన్న బండి తాగే పెట్రోలూ తగ్గిందని వదిన పరీక్ష పాసైన పిల్లలా మురిసిపోయింది.

రెండో పరీక్ష రోజు వాన. చాందిని వెనక సీట్లో నా పక్కన, సీటు బెల్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. అదే రోడ్డు, అదే దిగుడు. లారీలు పక్కనుంచి దూసుకుపోయాయి. కారవాన్ ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి, మళ్ళీ చక్కగా వెనక నడిచింది. వదిన కావాలనే నెమ్మదిగా పోనిచ్చింది. అన్నయ్య కిటికీలోంచి రోడ్డు పక్క పామాయిల్ తోటలను చూస్తున్నాడు. తల అటూ ఇటూ తిప్పి తిప్పి, ముక్క ముక్కగా చూసి కలుపుకుంటున్నాడు.

చాందిని పట్టు మాత్రం సడలలేదు. రోడ్డు పక్కన చెట్ల కింద ఆపినప్పుడు, "డ్రైవింగ్ ఓకే లా, అమ్మా. బట్ దట్స్ నాట్ ది ప్రాబ్లమ్," అంది నెమ్మదిగా. సమస్య ఏమిటో అందరికీ తెలుసు.

అన్నయ్య దిగి, వానలో తడుస్తూ కారవాన్‌లోకి వెళ్ళాడు. వెనకాలే మేమూ ఎక్కి తలుపు దగ్గర నిలబడ్డాం. పొయ్యికీ అలమరకీ మధ్య నిలబడి, మా వైపు తిరిగి, కళ్ళు మూసుకున్నాడు. మూసుకునే గిన్నె తీశాడు. నీళ్ళ డబ్బా మూత తిప్పి, వేలు గిన్నె అంచున పెట్టి, తడి తగిలేదాకా పోశాడు. రబ్బరు బ్యాండు ఒకటున్న డబ్బా, రెండున్న డబ్బా. పొయ్యి వెలిగించేటప్పుడు చాందిని ఒక్క గంతు వేసింది. వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"నాన్నా, ఓపెన్ యువర్ ఐస్! ప్లీజ్ లా!"

"నువ్వు భయపడే రోజు ఎలా ఉంటుందో చూపిస్తున్నానమ్మా," అన్నాడు ఆయన కళ్ళు తెరవకుండానే. "ఆ రోజు యూ టీలోనైనా వస్తుంది, ఇపోలోనైనా వస్తుంది. వచ్చేలోపు నాలుగు ఊళ్ళు చూడనీ."

టీ మరిగింది. వాసన పట్టి దింపాడు. నాలుగు కప్పుల్లో పోసి, ఒక్కొక్కటే చాచిన చేతుల్లో పెట్టాడు. చుక్క ఒలకలేదని చెబితే అబద్ధం. చాందిని కప్పు కొంచెం ఒలికింది, అది ఆ పిల్ల గాభరాగా అందుకోబోయి. తాగింది. కప్పు దించకుండా చాలాసేపు ఏడ్చింది. తర్వాత తండ్రి చొక్కా అంచు పట్టుకుని, "షుగర్ కరెక్ట్, నాన్నా. గో. బట్ ఎవ్రీ డే కాల్ మీ, కెన్?" అంది. కెన్ కెన్, అలాగేనమ్మా అన్నాడు అన్నయ్య, అప్పటికి కళ్ళు తెరిచి.

వాళ్ళు వెళ్ళి ఇప్పటికి కొన్ని నెలలైంది. ఒక ఊరు చేరితే వారాల తరబడి కదలరు. ఊరక తిరిగి పెట్రోలు తగలెయ్యడం వదినకు గిట్టదు. మొన్న ఇపో నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు.

"పెట్టెల మీద ఇంగ్లీషులో నాలుగక్షరాలు రాసి పంపించేసేవాణ్ణి తారా. ఆ నాలుగక్షరాల వెనక ఇన్ని కొండలున్నాయని నాకెవరు చెప్పారు! తెల్లటి రాతి కొండలు, మీద పచ్చటి చెట్లు, మధ్యలో మబ్బులు. ఒకేసారి మొత్తం కనబడదులే. కొండను మూడు ముక్కలుగా చూస్తాను. పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నాను."

నా బుద్ధి పోనిచ్చుకోకుండా వెటకారమే ఆడాను. "ఇంతకీ ఇప్పుడు మీ ఇల్లు ఎటు తిరిగుంది అన్నయ్యా?"

"పడమరకి. కొండలు అటే ఉన్నాయి, మీ వదిన అటే తిప్పి ఆపింది."

"మరి మీ నైరుతి మూల ఏమైంది?"

ఆయన నవ్వాడు. "చెయ్యి చాస్తే టీ పొడి తగుల్తోందమ్మా. అదే నా నైరుతి," అన్నాడు.

ఫోన్ పెట్టేసి, వంటింట్లో నిలబడి చాలాసేపు ఏడ్చాను. తర్వాత వాళ్ళ రుబ్బుడు మిషనులో నానబెట్టిన పప్పు పోసుకున్నాను.